మూడో వాక్యంలో మేజర్ గారు

జనార్ధనరావుతో ఎవరైనా ఏ విషయమైనా మాట్లాడొచ్చు. కాకపోతే రెండు వాక్యాలే. మూడో వాక్యానికల్లా మేజర్ గారు వచ్చి మధ్యలో కూర్చుంటారు. వర్షం గురించి మొదలుపెట్టండి, వంకాయ గురించి మొదలుపెట్టండి, మీ మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టండి, మూడో వాక్యం మటుకు మేజర్ గారిదే. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్ తెలుగువాళ్లలో ఈ లెక్క తప్పిందని చెప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఒకసారి పళ్ల డాక్టరు ఆయన నోట్లో రెండు చేతులూ, ఒక గొట్టమూ, ఒక అద్దమూ పెట్టి ఉంచాడట. ఆ సందులోంచే మేజర్ గారు బయటికొచ్చారని, డాక్టరు డ్రిల్లు ఆపి మరీ విన్నాడని, చివరికి వేరే పన్ను పీకాడని చెప్పుకుంటారు.

మేజర్ గారంటే మనిషి కాదు. 1917లో ఇంగ్లండులో తయారైన వెబ్లీ రివాల్వరు. న్యూజీలాండ్ చట్టం దాన్ని పిస్టల్ అంటుంది. ఆయన భార్య మంగాదేవి ‘ఆ ఇనుము’ అంటుంది. జనార్ధనరావు ఒక్కడే బహువచనం వాడతాడు. "మేజర్ గారు పడుకున్నారు, కాస్త తలుపు మెల్లగా వెయ్యి మంగా." "ఇవాళ మేజర్ గారికి నూనె స్నానం, లంచ్ ఆలస్యమవుతుంది."

మేజర్ గారి బరువు కిలో పైచిలుకు. మీట నొక్కితే నడుం దగ్గర వంగి తెరుచుకుంటారు. పిడి అడుగున ఒక రింగు ఉంటుంది, గుర్రం మీంచి పడ్డా చేజారిపోకుండా తాడు కట్టుకోడానికి. గొట్టం పక్కన సర్కారువారి బాణం గుర్తు, దానికి కొంచెం ఎడంగా రెండు బాణాలు ముక్కూ ముక్కూ ఆనించుకున్న ఇంకో గుర్తు. ఈ రెండోది కొట్టారంటే సైన్యం ఆ ఆయుధాన్ని సర్వీసు నుంచి విడుదల చేసినట్టు. "మేజర్ గారి రిటైర్మెంట్ ఆర్డరండీ ఇది" అని దాన్ని చూపించేటప్పుడు జనార్ధనరావు లేచి నిలబడతాడు. ఆయన వెల్లింగ్టన్‌లో ఓ ప్రభుత్వ శాఖలో పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు, కాంట్రాక్టు మీద కాంట్రాక్టుగా. పర్మనెంటు ఉద్యోగం చేసి పద్ధతిగా రిటైరైనవాళ్లంటే ఆయనకి మహా గౌరవం.

ఇన్ని చెప్పుకున్నాం గానీ, మేజర్ గారు పేలరు. సేకరణ కోసం పిస్టల్ ఉంచుకునేవాళ్లు దాన్ని పేల్చకూడదని, లోపలి ముఖ్యభాగం ఒకటి తీసేసి విడిగా తాళం వేసి దాచాలని అక్కడి రూలు. అంచేత తూటాలు పెట్టే గుండ్రటి దిమ్మ ఒక ఇనప్పెట్టెలో, మిగతా శరీరం ఇంకో ఇనప్పెట్టెలో ఉంటాయి. "గుండె ఒక చోట, దేహం ఒక చోట" అంటాడాయన. "పెళ్లయిన మగాడి బతుకే కదా" అని పక్కవీధి వీరభద్రం జోకెయ్యబోయి, మంగాదేవి మొహం చూసి పకోడీ మింగేశాడు.

ఆ వీరభద్రమే ఒకసారి సూటిగా అడిగాడు. పేల్చనిదాన్ని ఎందుకు మేపుతున్నట్టు, పేల్చాలని సరదా ఉంటే క్లబ్బులో చేరి మంచి కొత్త పిస్టలొకటి కొనుక్కోవచ్చు కదా అని. జనార్ధనరావు ఆయన వంక జాలిగా చూశాడు.

"కొత్తది కొంటే దానికి నా చరిత్ర అంటుకుంటుందయ్యా. నా చరిత్రలో ఏవుంది, పాస్‌వర్డులు మార్చడం తప్ప. మేజర్ గారిని ఎవడో నడుముకి కట్టుకుని బురదలో పడుకున్నాడు. వాడికి ఇంటి మీద బెంగ పుట్టింది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ వేళ్ల రాపిడికే చూడు, ఇక్కడ నలుపు పోయి తెల్లబడింది."

ఆ ఎవడో ఎవడన్నది ఆయనకీ తెలియదు. తెలియకపోవడం ఆయనకి చాలా సౌకర్యంగా ఉండేది. కొన్న కొత్తల్లో మేజర్ గారు ఒక్క కందకంలో పనిచేశారు. మూడేళ్లకి రెండు సముద్రాలు దాటారు. ఈ మధ్య ఒక గుర్రం కూడా చేరింది, తెల్లది. పొద్దున హట్ లైన్ రైల్లో ఆఫీసుకెళ్లేవాళ్లలో, హెడ్‌ఫోన్లు మర్చిపోయినవాడెవడూ జనార్ధనరావు ఎక్కిన బోగీ ఎక్కడు. వెల్లింగ్టన్ గాలి సంగతి తెలిసిందే, ఆ గాలికి బట్టతలవాళ్లు కూడా తల సర్దుకుంటారు. అలాంటి గాలిలో ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వేరే బోగీ ఎక్కుతారు గానీ ఇది ఎక్కరు.

మంగాదేవికి మాత్రం వేరే బోగీ లేదు.

ఆవిడకి మేజర్ గారితో ఉన్న అసలు పేచీ గది గురించి. వాళ్ల ఇల్లు పాత చెక్క ఇల్లు. చలికాలంలో లోపలికంటే బయటే నయమనిపిస్తుంది. ఇంటి మొత్తానికి పొడిగా, వెచ్చగా ఉండేది ఒక్క గది, అది మేజర్ గారిది. తుప్పు పట్టకూడదని ఆ గదిలో తేమ లాగే యంత్రం ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతుంటుంది, గోడకి హీటరు. ఇవతల వంటింట్లో మంగాదేవి ఇడ్లీపిండి రెండు రోజులైనా పొంగదు. కంబళి కప్పింది, వేడినీళ్ల సీసా పక్కన పడుకోబెట్టింది, లాభం లేకపోయింది. ఒకసారి ఆ గిన్నె తీసుకెళ్లి మేజర్ గారి గదిలో పెట్టింది. పన్నెండు గంటల్లో పిండి పొంగి, గిన్నె దిగి, నేల మీదుగా ఇనప్పెట్టె దాకా నడిచి వెళ్లిందట. జనార్ధనరావు టవలు పట్టుకుని ఆ పిండికి ఎదురొడ్డి నిలిచినట్టు ఏ యుద్ధంలో ఏ మేజరూ నిలిచి ఉండడు. ఆ రోజు నుంచి గదిలోకి పిండికి ప్రవేశం లేదు.

దసరా కథ ఇంకోటి. ఆయుధపూజకి లోవర్ హట్‌లో అందరూ లాప్‌టాప్‌లకీ, కార్లకీ, మిక్సీలకీ బొట్లు పెట్టుకుంటారు. అసలు సిసలు ఆయుధం ఉన్న తెలుగిల్లు అదొక్కటే. మేజర్ గారిని అనుమతి లేకుండా గడప దాటించకూడదు గనక ఊరంతా వాళ్లింటికే వచ్చేది. ఏ పనైనా అరకొరగా చెయ్యడం మంగాదేవి ఒంట్లో లేదు. మేజర్ గారికి పసుపూ కుంకుమా దట్టంగా, గొట్టం లోపలికంటా అద్దేసింది. పండగయ్యాక తుడిచామనే అనుకున్నారు. రెండు వారాలకి ఆయుధాల ఆఫీసరు షెరిల్ తనిఖీకి వచ్చింది. నెరిసిన జుట్టు, పెద్ద పెద్ద బూట్లు, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మొహం. గొట్టంలోకి టార్చి వేసి చూసి, "జాన్, ఇంత తుప్పా?" అంది. ఆవిడ నోటికి జనార్ధనరావు పేరు అంతవరకే తిరుగుతుంది. షెరిల్ వాసన చూసింది, తుమ్మింది, మళ్లీ చూసింది. సంగతి వివరించడానికి ఆయనకి యాభై నిమిషాలు పట్టింది, మూడో వాక్యంలో మేజర్ గారు వచ్చేశారు కదా. ఆవిడ వెళ్తూ కాగితం మీద ‘ఆయుధం శుభ్రంగా ఉంది, సువాసన కూడా’ అని రాసిందని జనార్ధనరావు నేటికీ చెప్తాడు. సగమైనా నిజమై ఉంటుంది.

ఇవన్నీ మంగాదేవి భరించింది. భరించలేనిది శనివారాలు. నెలకి ఒకటో రెండో శనివారాలు ఆయనకి ఫోనొస్తుంది. పెరట్లోకి వెళ్లి మెల్లగా మాట్లాడతాడు. తర్వాత కారు తీసుకుని ఫెదర్‌స్టన్ అనో, లెవిన్ అనో ఏదో పక్క ఊరికి బయల్దేరతాడు. ఎందుకంటే "పిస్టల్ చూడ్డానికి" అంటాడు. సాయంత్రం పిస్టల్ లేకుండా, ఒక సంచీడు నిమ్మకాయలతోనో, ఫీజోవా పళ్లతోనో, ప్లమ్ జామ్ సీసాతోనో తిరిగొస్తాడు. ఆ పిస్టల్ ఎలా ఉందని అడిగితే, "ఆ, ఉంది" అంటాడు. రెండే మాటలు. పిస్టళ్ల గురించి రెండు మాటల్లో ఊరుకునే జనార్ధనరావుని ఎవరైనా చూశారా? కొనేస్తున్నాడని, ఎక్కడో దాస్తున్నాడని, కల్నళ్లూ జనరళ్లూ కూడా దిగబోతున్నారని మంగాదేవికి ఖాయమైపోయింది.

ఇంతలో జులైలో, అంటే అక్కడి నడి చలికాలంలో, లైసెన్సు రెన్యువల్ వచ్చింది. ఆ దేశంలో ఇదొక చిత్రమైన పద్ధతి. మగాడి పిస్టల్ లైసెన్సు కొనసాగాలంటే ఆయన పెళ్లాన్ని విడిగా కూర్చోబెట్టి, ఈయన దగ్గర ఆయుధం ఉంటే నీకేమైనా అభ్యంతరమా అని అడుగుతారు. ఆవిడ గట్టిగా అవునంటే గండమే. లైసెన్సు పోతే మేజర్ గారిని అప్పగించాలి. కొనుక్కునే ఇంకో లైసెన్సుదారు దొరక్కపోతే కరిగించేస్తారు. నూట చిల్లర ఏళ్ల సర్వీసు ఒక్క మాటతో సరి. ఆ మాట మంగాదేవి నోట్లో ఉంది.

ఆ వారమంతా జనార్ధనరావు స్వయంగా గిన్నెలు తోమాడు. బట్టలు ఆరేశాడు. అడక్కుండానే ఆవిడ చీర బాగుందన్నాడు, అది నైటీ. మంగాదేవి మేజర్ గారి గదిలో పిండి గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టాలో టేపుతో కొలుచుకుంది.

ఇంటర్వ్యూ రోజు షెరిల్ ఆయన్ని బయటికి పంపేసింది. ఆయన పెరట్లో వానలో గొడుగేసుకుని, కిటికీలోంచి అంతా కనపడుతున్నా, అస్సలేమీ కనపడనట్టు నిలబడ్డాడు. మంగాదేవి కాఫీ ఇచ్చి, వారం రోజులుగా వల్లె వేసిందంతా మొదలెట్టింది. ఇల్లు పట్టదు, ఆ ఇనుమే లోకం, నా గది లాక్కున్నాడు. షెరిల్ తలూపుతూ రాసుకుంది. చివరికి మంగాదేవి అసలు అస్త్రం తీసింది.

"శనివారాలు ఎక్కడికో వెళ్లి పిస్టళ్లు చూసొస్తాడు. ఏం చేస్తున్నాడో నాకు తెలీదు. మీరే కనుక్కోవాలి."

షెరిల్ పెన్ను ఆపింది. "మీకు చెప్పలేదా?"

"ఆయన నాకు చెప్తే, నేను మీకెందుకు చెప్తాను?"

"ఏమీ చెప్పలేదా? జానేనా?" అని ఆవిడ కిటికీలోంచి గొడుగు వైపు చూసింది. తర్వాత చాలాసేపు నవ్వింది. నవ్వయ్యాక, పేర్లూ ఊళ్లూ లేకుండా చెప్తానని మొదలుపెట్టింది.

ముసలాయన పోతాడు. ఎప్పుడో యుద్ధం నుంచి తెచ్చుకున్న సర్వీసు పిస్టల్ బీరువాలో సాక్సుల కిందో, గరాజ్‌లో బిస్కట్ల డబ్బాలోనో బయటపడుతుంది. లైసెన్సు ఉండదు. భార్యకి దాన్ని ముట్టుకోడానికే భయం. అప్పగిస్తే ఎవరూ ఏమీ అనరని చెప్పినా, పోలీసు కారు వచ్చి గేటు ముందు ఆగితే వీధంతా చూస్తుందని బెంగ. ఎవరో ఒకరు జనార్ధనరావు నంబరిస్తారు. ఆయన వెళ్లి, అది తూటాల్లేకుండా ఉందని చూసి, బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, "దీన్ని మోసినాయన ఎలా ఉండేవాడమ్మా?" అని అడుగుతాడు. వాళ్లు మొదలుపెడతారు. రెండు గంటలు, మూడు గంటలు. అప్పుడు షెరిల్ సొంత కారులో, మామూలు బట్టల్లో వచ్చి పిస్టల్ తీసుకెళ్తుంది. తర్వాతి వారం ఆ ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది. ఆ పిస్టల్ ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పనిచేసింది, ఎవరి దగ్గర ఉంది, అన్నీ వాళ్లు చెప్పినవే, పొందిగ్గా ఒక పేజీలో. ఇనుము పోతుంది, కాగితం మిగుల్తుంది.

"ఇప్పటికి ముప్పై ఒకటి" అంది షెరిల్. "తమ పేరు ఎక్కడా అనొద్దని ఒకావిడ మొదట్లోనే మాట తీసుకుంది. అప్పట్నుంచి అందరికీ అదే మాటిస్తున్నాడు. మీకైనా చెప్పి ఉంటాడనుకున్నాను."

పళ్ల డాక్టరు దగ్గర కూడా నోరు మూసుకోని మనిషి ముప్పై ఒక్క పిస్టళ్లు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఒక్క మేజర్ గారి గురించి ఊరంతా వాగుతుంటే, మిగతా వాటి గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

"మరి మీ అభ్యంతరం రాసుకోనా?"

"సోమవారం చెప్తాను" అంది మంగాదేవి.

జనార్ధనరావు తడిసి లోపలికొచ్చాడు. ఏం చెప్పావని అడగలేడు, అడక్కుండా ఉండలేడు. వాన బాగా పడుతోందన్నాడు. మంగాదేవి అవునంది. మూడో వాక్యం రాలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదలు.

శనివారం ఆయన కారు దగ్గరికి వెళ్లేసరికి మంగాదేవి ముందు సీట్లో ఫ్లాస్కు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికి?"

"పిస్టల్ చూడ్డానికి."

"అక్కడ నీకేం తోస్తుంది మంగా, చలి కూడాను."

"మొగుడు పోయినావిడ ఇంటికి మీరొక్కరే వెళ్తారా? ఆడతోడు ఉండొద్దూ?"

ఆయన ఆవిడ వంక చూశాడు, స్టీరింగు వంక చూశాడు, షెరిల్‌ని తల్చుకుని ఏదో గొణిగాడు, కారు తీశాడు. రెముతాకా కొండ మలుపులన్నీ నోరెత్తకుండా దాటాడు.

ఫెదర్‌స్టన్‌లో ఆవిడ పేరు బెవర్లీ, ఎనభై రెండేళ్లు. కేకు కోసి పెట్టి, ఒక షూ డబ్బా తెచ్చి బల్ల మీద ఉంచి, మూడడుగులు వెనక్కి వేసింది. ఆవిడ భర్త కెన్ పోయి నాలుగు నెలలైంది. ఇది జర్మన్ ఆఫీసరు పిస్టలట. కెన్ వాళ్ల నాన్న ఇటలీలో చేత్తో లాక్కున్నాడట. యాభై ఐదేళ్లుగా దీన్ని అటక మీద పెట్టుకుని కింద నిద్రపోయానంది బెవర్లీ.

జనార్ధనరావు మూత తీశాడు. చాలాసేపు చూశాడు. మంగాదేవి కూడా తొంగి చూసింది. పదేళ్లుగా రోజూ వింటే రాయికైనా వస్తుంది విద్య. బాణం గుర్తు లేదు, రింగు లేదు, గొట్టం చివర రంధ్రమే లేదు. ఆటలపోటీల్లో పరుగుపందెం మొదలెట్టడానికి పేల్చే ఉత్తుత్తి పిస్టలది.

"బెవర్లీ, మీ కెన్ ఏం పనిచేసేవారు?" అన్నాడు జనార్ధనరావు మెల్లగా.

"బడిలో డ్రిల్లు మాస్టరు. ముప్పై నాలుగేళ్లు. ఏం?"

ఆయన నిజం చెప్పాడు. బెవర్లీ మొహంలో రంగులు మారాయి. ఆ ముసలావిడ కుర్చీలో కూలబడి, "యాభై ఐదేళ్లు" అంది. "యాభై ఐదేళ్లు దడుచుకున్నాను, ఈ బొమ్మకి."

"ఆ ఇటలీ కథ ఎలా చెప్పేవారు?" అన్నాడు జనార్ధనరావు కుర్చీ ముందుకి జరుపుకుని. "మొత్తం చెప్పండి, ఏమీ వదలకుండా. మంచు ఉండేదా?"

"ఒక్కోసారి ఉండేది. తర్వాత్తర్వాత ఒక మోటార్ సైకిల్ కూడా వచ్చింది" అంది బెవర్లీ. అంటూనే ఆవిడకి నవ్వు పుట్టుకొచ్చింది. ఆగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది.

"మా ఇంట్లో గుర్రం" అంది మంగాదేవి. "తెల్లది."

ఇద్దరాడవాళ్లూ ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుని నవ్వుతుంటే జనార్ధనరావు కాసేపు బిక్కమొహం వేశాడు. పనికిమాలినదైనా షెరిల్ చూసి చెప్పడం పద్ధతి గనక ఆవిడకి ఫోన్ చేశాడు. తర్వాత కాగితం తీసి అక్కడే రాశాడు. ఈ పిస్టల్ ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. బడిలో ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేసింది. దీని మోతకి కొన్ని వేలమంది పిల్లలు పరుగెత్తారు. అందరూ క్షేమంగా గీత దాటారు. బెవర్లీ దాన్ని రెండుసార్లు చదివి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

సోమవారం పొద్దున్నే షెరిల్ ఫోన్. జనార్ధనరావు ఆఫీసుకి బయల్దేరినవాడు షూ లేసు కడుతూ గడప మీదే ఉండిపోయాడు. ఒక్క లేసు కట్టడానికి అంత సేపు పట్టిన మనిషి హట్ లోయలో ఇంకొకడు లేడు.

"అభ్యంతరం ఉంది" అంది మంగాదేవి ఫోన్లో, వీధి వైపు తిరిగి, గట్టిగా. గడప దగ్గర లేసు పుటుక్కున తెగింది.

"చెప్పండి, రాసుకుంటున్నాను."

"ఆయన ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి మొగుళ్ల కథలే అడుగుతున్నాడు. వాళ్ల కథలు అడగట్లేదు. బెవర్లీ కుర్రతనంలో లారీ తోలేదట, అది ఉత్తరంలో రాయనే లేదు. అంచేత ఇకమీదట నేను కూడా వెళ్తాను. రాసుకోండి."

ఫారంలో దానికి గడి లేదంది షెరిల్. అంచున రాస్తానంది.